వెలగరేవుకి నాలుగు గీతలు

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
2011 నవంబరు 1, మంగళవారం

తమ్ముడు వీరభద్రానికి,

అక్క కృష్ణవేణి దీవెనలు. నువ్వూ, ఫణీ, కోడలూ కులాసా అనుకుంటాను. పూజిత సెలవు అయిపోయి ఆఫీసుకి పోతోంది. పగలంతా పాప నా దగ్గరే. ఐదో నెల నడుస్తోంది. బోర్లా పడుతుంది గానీ మళ్ళీ వెల్లకిలా తిరగడం రాదు, దానికి ఏడుపు.

మొన్న శనివారం మంచు పడింది. చెట్ల ఆకులు ఇంకా రాలకముందే పడిందట. ఆ బరువుకి కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. ఒకటిన్నర రోజు కరెంటు లేదు. మా కిటికీ ఎదుట పార్కింగ్‌లో ఉన్న చెట్టుకైతే మనిషి మందం కొమ్మ సగానికి చీలి వేలాడుతోంది. "మీ తమ్ముడు గారిని పిలిపిద్దామా అత్తయ్యా, స్తంభం ఎక్కుతారు" అన్నాడు అల్లుడు హర్ష. లైను ఇన్‌స్పెక్టరు గారూ, తమరి పేరు ఇక్కడ కూడా చెల్లుతోంది.

నీతో పని పడింది. హర్ష దసరాకి కొత్త డిస్కు ప్లేయరు కొన్నాడు. నా కోసమని పౌరాణికం సినిమా డిస్కు కూడా తెచ్చాడు. అది పెడితే బొమ్మ రాదు. 'ప్లేయరుని అప్‌డేట్ చేయండి, నెట్‌వర్క్‌కి కలపండి' అని అక్షరాలు వస్తాయి, అంతే. హర్ష సోమవారం పొద్దున విమానం ఎక్కితే గురువారం గానీ ఇంటికి రాడు. వచ్చాక నిద్రపోతాడు. పూజితని అడిగితే "వీకెండ్ చూద్దాం అమ్మా" అంటుంది. ఆ వీకెండ్ వచ్చి మూడుసార్లు వెళ్ళిపోయింది. జనవరి పదిన నా తిరుగు ప్రయాణం. ఈలోగా ఆ సినిమా చూడకుండా పోతే నాకు మనసొప్పదు.

ఫణి ఇంట్లో ప్లేయరు నువ్వే కలిపావని విన్నాను. ఎలాగో విడమరిచి రాయి. ఫోను చేద్దామంటే నీ చెవి మిషను ఈల వేస్తుంది, నువ్వు "ఆఁ ఆఁ" అంటావు, నాకు నవ్వొస్తుంది. ఉత్తరమే మేలు.

ఒక బాధ మాత్రం ఉంది. పైవాళ్ళెవరో పొద్దున్నే రోట్లో దంచుతారు. పాప అప్పుడే పడుకుంటుంది, ఉలిక్కిపడి లేస్తుంది. నిన్న చీపురు కర్ర పెట్టి పైకప్పుని నాలుగు పోట్లు పొడిచాను. ఆగింది.

ఆశీస్సులతో,
అక్క


మోరిస్‌విల్, నార్త్ కరోలినా
నవంబరు 5

అక్కకి నమస్కారాలు.

జాబు అందింది. ఇక్కడ మంచు లేదు. ఫణి పొద్దున పోయి చీకటిపడి వస్తాడు. నేను కమ్యూనిటీ చుట్టూ మూడు చుట్లు నడుస్తాను. స్తంభాలు చూస్తాను. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ కర్ర స్తంభాలే వాడుతున్నారు. నాకు నమ్మకం కలగలేదు.

ప్లేయరు సంగతి. రెండు దారులున్నాయి. ఒకటి తీగ, రెండోది గాలి.

తీగ దారి: మీ ఇంట్లో చిన్న దీపాలు మిణుకు మిణుకుమనే పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని రూటర్ అంటారు. ఇంటర్నెట్ దానిలోంచే వస్తుంది. దాని వెనక నాలుగు చదరపు బొక్కలుంటాయి. ప్లేయరు వెనకా అలాంటిదే ఒకటుంటుంది. రెంటికీ మధ్య నీలం తీగ పెట్టు. టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. శబ్దం రాకపోతే తగల్లేదని అర్థం. నా సర్వీసులో ఫిర్యాదుల్లో సగం ఇవే.

గాలి దారి: ప్లేయరు రిమోటులో ఇల్లు బొమ్మ నొక్కు. సెట్టింగ్స్‌లోకి పో. నెట్‌వర్క్, ఆ తర్వాత వైర్‌లెస్. అప్పుడు పేర్ల జాబితా వస్తుంది. ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నిటి పెట్టెల పేర్లూ అందులో ఉంటాయి, కంగారుపడకు. ఒక్కో పేరు పక్కన గీతలుంటాయి. గీతలు ఎన్ని ఎక్కువుంటే అది అంత దగ్గర. ఒక్క గీత అంటే దూరపు బిల్డింగు. నాలుగూ నిండుగా ఉంటే నీ ఇంట్లోదైనా అయ్యుండాలి, లేదా గోడకో పైకప్పుకో అవతలిదైనా అయ్యుండాలి. మీ పేరు ఎంచుకుంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎనిమిది అక్షరాలకి తక్కువ ఉండదు. మనవాళ్ళు సామాన్యంగా ఇలవేల్పు పేరే పెడతారు. రిమోటుతో ఒక్కో అక్షరం ఏరి కొట్టాలి. ఒకటి తప్పు పడితే మళ్ళీ మొదటి నుంచీ కొట్టాలి. కలిశాక అప్‌డేట్ నొక్కు. అది నడుస్తుండగా స్విచ్చి ఆపొద్దు.

నీ మోకాలు ఎలా ఉందో రాయలేదు.

తమ్ముడు
వీరభద్రం


ప్లెయిన్స్‌బరో
నవంబరు 9

తమ్ముడికి దీవెనలు.

మోకాలు ఉన్నచోటే ఉంది. మెట్లు ఎక్కనంతవరకు బాగుంటుంది.

ముందు నీ తీగ దారి పట్టాను. మా రూటర్ పడగ్గదిలో ఉంది, టీవీ హాల్లో ఉంది. నీలం తీగ నడవా అంతా పరిచాను. పూజిత ఆఫీసు నుంచి వస్తూ దాంట్లో కాలు తగిలి పడబోయింది. పాలసీసా ఎగిరి గోడకి తగిలింది. "ఎవరు చెప్పారమ్మా ఇదంతా?" అంది. నీ పేరు చెప్పాను. "ఆయన అక్కడ్నించి మా ఇల్లు కూడా తగలబెట్టేట్టున్నాడు" అంది. తీగ చుట్టి పెట్టేశాను.

ఆ మర్నాడు గాలి దారి. నువ్వు చెప్పినట్టే పేర్ల జాబితా వచ్చింది. ఇరవై పైనే ఉన్నాయి. కొన్ని అంకెలు, కొన్ని ఎవరో నాయుడు గారి ఇల్లు అనీ, శ్రీసాయి అనీ. ఒక్కొక్కటే కిందికి జరుపుతున్నాను. నా చెయ్యి ఆగిపోయింది.

వెలగరేవు అని ఉంది.

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని మూడుసార్లు చదివాను. మన వెలగరేవే. ప్రాజెక్టు నీళ్ళలో మునిగి ముప్పై ఏళ్ళయింది. మ్యాపుల్లో లేదు, బస్సు బోర్డు మీద లేదు. ఇక్కడ టీవీలో ఉంది. పక్కన నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి.

తర్వాత అర్థమైంది. ఇది హర్ష చేసిన పని. అత్తగారి పుట్టింటి ఊరు మునిగిపోయిందని వాడికి తెలుసు. పైకి చెప్పకుండా తన పెట్టెకి ఆ పేరు పెట్టుకున్నాడు. గోదావరి జిల్లా పిల్లవాడికి ఇంత మనసుందా అనిపించింది. పాస్‌వర్డ్ అడిగింది. వెలగరేవు అని పెట్టినవాడు ఇంకేం పెడతాడు? మన రేవులమ్మ తల్లి పేరు కొట్టాను. ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు. అరగంట పట్టింది. తలుపు తీసినట్టు తెరుచుకుంది.

అప్‌డేట్ అయింది, సినిమా వచ్చింది, పాపని ఒళ్ళో పెట్టుకుని సగం చూశాను.

ఒక్కటి అడుగుతాను. రేవులమ్మ పేరు హర్షకి నేనెప్పుడూ చెప్పలేదు. నువ్వే చెప్పి ఉంటావు. మామా అల్లుళ్ళు కలిసి నన్ను ఆట పట్టించారు. గురువారం వస్తాడుగా, గారెలు వండి పెడతాను. నీకు లేవు.

అక్క


మోరిస్‌విల్
నవంబరు 12

అక్కకి,

జాబు ఇప్పుడే అందింది. ఇది వెంటనే రాస్తున్నాను.

హర్షకి నేను ఏమీ చెప్పలేదు. ఆ నెట్‌వర్క్ మీది కాదు. వెంటనే తీసెయ్. ప్లేయరు వెనక ప్లగ్గే పీకెయ్. ఇక్కడ ఇతరుల ఇంటర్నెట్ వాడితే నేరం. హర్షది వర్క్ వీసా. పోలీసుల దాకా పోతే గ్రీన్‌కార్డు కాగితాలకి అడ్డం పడుతుంది. నేను అతిగా చెప్పడం లేదు.

వెలగరేవు వాళ్ళు పునరావాసంలో నాలుగు చోట్లకి చెదిరిపోయారు. వాళ్ళ పిల్లలు ఎవరైనా కావచ్చు. ఎవరని వెతకొద్దు. అడగొద్దు. ఎవరి బతుకు వాళ్ళది.

ఈ సంగతి ఫణికి చెప్పలేదు. నువ్వూ పూజితకి చెప్పకు.

నాలుగు గీతలూ ఉన్నాయని నిజంగానే చూశావా? ఒకటో రెండో అయ్యుంటాయి. సరిగా చూసి రాయి. లేదా వద్దు, చూడకు. ప్లగ్గు పీకెయ్.

వీరభద్రం


ప్లెయిన్స్‌బరో
నవంబరు 13, ఆదివారం

తమ్ముడూ,

నీ జాబు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను.

గారెలు వండాను. హర్ష తిన్నాడు. "వెలగరేవు పేరు పెట్టావు చాలా సంతోషం నాయనా" అన్నాను. వాడు గారె నోట్లో పెట్టుకుని అలాగే చూశాడు. "అదేమిటత్తయ్యా? మనది ఉత్త అంకెలు, కంపెనీవాడు ఇచ్చినవే" అన్నాడు. పెట్టె తిప్పి అడుగున అంటించిన చీటీ చూపించాడు. నాకు తల తీసేసినట్టయింది. ఎవరి ఇంటి తలుపో నా దగ్గరున్న తాళంచెవితో తీసుకుని లోపల కూర్చున్నాను. అదీ రేవులమ్మ పేరుతో.

హర్ష నవ్వాడు. "మీరు హ్యాకర్ అయిపోయారు" అన్నాడు. మన నెట్‌వర్క్‌కి మార్చేస్తానని రిమోటు తీసుకున్నాడు. అప్పుడు టీవీలో మూల ఇంకో బొమ్మ కనిపించింది. ఫోటోలు అని. "వాళ్ళ కంప్యూటర్‌లో ఫోటోలు ఇంట్లో టీవీకి కనిపించేలా పెట్టుకున్నారు, మనం వాళ్ళ లైన్లో ఉన్నాం కాబట్టి మనకీ కనిపిస్తున్నాయి, చూడకూడదు" అన్నాడు. ఇంతలో వాడికి ఫోను వచ్చింది. రిమోటు బల్ల మీద పెట్టి లోపలికి పోయాడు.

చూడకూడదన్నాడు. నేను నొక్కాను.

టీవీ నిండా అమ్మ.

నా మాట నమ్ము. అమ్మే. అదే నుదురు, అదే పై పెదవి. మంచులో నిలబడి ఉంది. నీలం స్వెటరు, మెడకి ఉన్ని గుడ్డ, కింద నేత చీర. మన అమ్మ పోయి ఇరవై తొమ్మిదేళ్ళయింది. అమ్మ జన్మలో మంచు చూడలేదు.

తర్వాత ఆవిడ వెనకాల చూశాను. సగానికి చీలి వేలాడుతున్న కొమ్మ. మా కిటికీ ఎదుటి కొమ్మే. అంటే ఆ ఫోటో పదిహేను రోజుల కింద తీసింది. నేను ఆ కిటికీలోంచి చూస్తున్న రోజునే, ఆ చెట్టు కింద.

ఇంకా దగ్గరికి పోయి చూశాను. ఎడమ కనుబొమ్మ మధ్యలో చీలిక. వెంట్రుకలు మొలవని చోటు. అమ్మకి అది లేదు. అది ఎవరికుందో నీకు తెలుసు. నేను గడ్డి కోస్తుంటే వెనక నుంచి వచ్చి నా కొడవలి తగిలించుకుంది. అప్పుడు దానికి ఆరేళ్ళు. ఆ రక్తం నా పావడాతో తుడిచింది నేను.

పోయినవాళ్ళ పేరు కాగితం మీద రాయడానికి చెయ్యి రావడం లేదు.

హర్ష వచ్చి టీవీ మార్చేశాడు. వాడికి ఏమీ చెప్పలేదు.

వీరభద్రం, ఆ రోజు నదిలో పుట్టి పడవ మునిగినప్పుడు నువ్వు కళ్ళారా చూశావా? అది కొట్టుకుపోవడం చూశావా, లేక పోయి ఉంటుందనుకున్నావా? సూటిగా రాయి.

అక్క


మోరిస్‌విల్
నవంబరు 16

అక్కకి,

నీకు ఒంట్లో బాగాలేదనిపిస్తోంది. పసిపిల్లతో నిద్ర లేక మనిషి అలిసిపోతే ఇలాంటివి కనిపిస్తాయి. మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారంటారు. కనుబొమ్మ మీద గాటు లక్షమందికి ఉంటుంది.

ముప్పై ఏళ్ళ కిందటి సంగతి ఇప్పుడెందుకు. నువ్వు మీ అత్తగారి ఊళ్ళో ఉన్నావు. నేను నది మీద ఉన్నాను. చూసిందే చెప్పాను.

ముక్కూ మొహం తెలియని వాళ్ళ తలుపు తట్టొద్దు. ఈ దేశంలో అది మర్యాద కాదు. మోకాలు బాగాలేనిదానివి మెట్లెక్కకు.

పూజితతో చెప్పి డాక్టరుకి చూపించుకో.

వీరభద్రం


ప్లెయిన్స్‌బరో
నవంబరు 20

వీరభద్రానికి,

నీ రెండు జాబులూ అందాయి. మొదటిదాంట్లో ప్లగ్గు పీకెయ్ అన్నావు. రెండోదాంట్లో మెట్లెక్కకు అన్నావు. ఆ ఇంటికి మెట్లెక్కి పోవాలని నేను నీకు రాయలేదు. నీకెలా తెలిసింది?

నాకూ అప్పటిదాకా తెలియదు. నీ జాబు చదివాకే తెలిసింది. నాలుగు గీతలుంటే గోడకో పైకప్పుకో అవతలే అని ముందే రాశావు. గోడకవతల చైనా వాళ్ళున్నారు. ఇక మిగిలింది పైకప్పే. పొద్దున్నే రోట్లో దంచే ఇల్లు.

శుక్రవారం పూజిత ఆఫీసుకి పోయాక పాపని చంకనేసుకుని ఎక్కాను. పద్నాలుగు మెట్లు. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. తలుపు తట్టాను.

తలుపు తీసింది ఛాయాదేవి.

ముప్పై ఏళ్ళ కింద నదిలో కొట్టుకుపోయిన నీ చెల్లెలు, చేతిలో కారం అంటిన గరిటెతో నిలబడి "ఎవరు కావాలండీ?" అంది.

పాప దాని మొహంలోకి చూస్తోంది. అది నన్ను చూసింది. నా కాళ్ళు చూసింది, మళ్ళీ మొహం చూసింది. గుర్తుపట్టింది. గుర్తుపట్టి తలుపు మూయబోయింది. నేను అడ్డంగా చెయ్యి పెట్టాను. వేళ్ళు నలిగాయి.

"నా పేరున తలస్నానం చేసినదానివి, నా గడప ఎందుకు తొక్కావు?" అంది.

"చేశాను. నువ్వు నీళ్ళలో పోయావంటే చేశాను" అన్నాను.

"నీళ్ళలోనా?"

"పుట్టి బోల్తాపడి."

"ఎవరు చెప్పారు?"

"వీరభద్రం."

అది తలుపు వదిలేసింది. తర్వాత, "నన్ను పుట్టిలో ఎక్కించి అవతల ఒడ్డున దింపింది అన్నే. లారీ ఎక్కించిందీ అన్నే. నువ్వు నా పేరున స్నానం చేసేశావనీ, నా మొహం చూడనన్నావనీ చెప్పిందీ అన్నే" అంది.

లోపల పొయ్యి మీద ఏదో మాడిపోయింది. ఇంటి కప్పుకున్న పొగ గంట కీచుకీచుమని మోగడం మొదలుపెట్టింది. దాన్ని ఆపడం మా ఇద్దరికీ తెలియదు. పాప ఏడుస్తోంది. అది కొంగు తీసి విసురుతోంది, నేను పాప దుప్పటితో విసురుతున్నాను. ముప్పై ఏళ్ళకి కలిసిన అక్కాచెల్లెళ్ళం మొదట చేసిన పని అది. గంట ఆగాక రొప్పుతూ నేల మీద కూర్చున్నాం. "కింద నుంచి కర్రతో పొడిచింది నువ్వేనా?" అంది. నేనే అన్నాను.

అది సెప్టెంబరులో వచ్చిందట, కూతురు శ్రీవల్లి దగ్గరికి. ఆ పిల్ల ఫార్మా కంపెనీలో పనిచేస్తుంది. మీ ఊరేదని అడిగితే చెప్పడానికి ఊరు లేదని, అమ్మ చెప్పిన పేరు ఇంటి నెట్‌వర్క్‌కి పెట్టుకుంది. ప్రాజెక్టు క్యాంపులో వైర్‌లెస్ సెట్టు దగ్గర కూర్చునే అప్పారావు గుర్తున్నాడా? అతనే దాని భర్త. నాలుగేళ్ళ కింద పోయాడు.

"అమ్మ నా గురించి ఒక్కసారైనా అడిగిందా?" అని అడిగింది.

అది వెళ్ళిన ఎనిమిదో నెలలో అమ్మ పోయిందని చెప్పాను. ప్రతి అమావాస్యకీ ప్రాజెక్టు గట్టు మీద విస్తరి వేసి, నీటిలోకి చూస్తూ కూర్చునేదని చెప్పాను. ఎండలో వద్దంటే వినేది కాదని చెప్పాను. అది వింటూ గరిటె మీది కారాన్ని గోటితో గీకుతూనే ఉంది.

అమ్మ పోయిన సంగతి దానికి నేను చెప్పేదాకా తెలియదు. నువ్వు అప్పారావుకి రాసిన జాబులో 'అమ్మ క్షేమం' అని రాశావట. అది దాచి ఉంచుకుంది. నీ చేతిరాత నేను చూశాను.

ఇప్పుడు నీ వంతు. రాయి. చెవి మిషను వంక చెప్పకు.

కృష్ణవేణి


మోరిస్‌విల్
నవంబరు 23

అక్కకి,

రాస్తాను. నాలుగుసార్లు మొదలుపెట్టి ఆపాను.

ఛాయా, అప్పారావుల సంగతి నాన్నకి తెలిసిపోయింది. అతను మన కులం కాదు. నాన్నా, బాబాయీ కలిసి ఏం అనుకున్నారో నేను పశువుల కొట్టం వెనక నిలబడి విన్నాను. ఊరు ఎలాగూ ఖాళీ అవుతోంది, నీళ్ళు వస్తున్నాయి, రెండు శవాలు ఎవరికీ దొరకవు అన్నాడు బాబాయి. నాన్న కాదనలేదు. క్యాంపుకి లైను లాగింది నేనే, అప్పారావు నాకు స్నేహితుడు. తెల్లవారుజామున ఇద్దర్నీ పుట్టిలో దాటించాను. తిరిగి వచ్చి పుట్టి నేనే తిరగేశాను. ఒళ్ళు తడుపుకుని ఇంటికి పోయి, మునిగిందని చెప్పాను. బతికి ఉందంటే వెతుకుతారు. చనిపోయిందంటే వెతకరు.

దానికి ఒక్క ఉత్తరం రాసే ఆశ మిగిలినా రాసేది. ఆ కవరు మీద వాళ్ళుండే ఊరి ముద్ర ఉండేది, నాన్న వెతికి పట్టుకునేవాడు. నీకైతే తప్పక రాసేది, నువ్వంటే దానికి ప్రాణం. అందుకే నీ పేరు వాడాను. అక్క స్నానం చేసేసింది, నీ మొహం చూడనంది అని చెప్పాను. పుట్టి దిగేటప్పుడు చెప్పాను. అది నా చొక్కా పట్టుకుంది. విడిపించుకుని వచ్చేశాను.

అమ్మకి చెబుదామనుకున్నాను. అమ్మ మనసులో మాట దాగదు, నాన్నకి తెలిసిపోతుంది. నాలుగు నెలలు పోనీ అనుకున్నాను. మరో రెండు నెలలు అనుకున్నాను. గట్టు మీద నుంచి అమ్మని ఇంటికి నడిపించుకొచ్చేది నేనే. దారిలో చెప్పాలని నోటిదాకా వచ్చేది. అంతలో అమ్మ పోయింది.

నాన్న పోయాక అయినా చెప్పి ఉండాలి. భయపడింది నాన్నకి కాదు. చెబితే అమ్మని ఎవరు చంపారో నువ్వు లెక్కవేస్తావని. నేను వేసుకున్నాను.

నెట్‌వర్క్ పేరు నువ్వు రాసిన రోజున ఆ కాగితం ముందు పెట్టుకుని పగలంతా కూర్చున్నాను. ఇంతకంటే రాయడం చేతకాదు.

వీరభద్రం


ప్లెయిన్స్‌బరో
నవంబరు 29

వీరభద్రానికి,

నీ జాబు ఛాయకి చదివి వినిపించాను. బాబాయి అన్నమాట దగ్గర ఒకసారి ఆపమంది. లేచి పోయి మంచినీళ్ళు తాగి వచ్చి, కానివ్వు అంది. వాళ్ళు కోపపడతారని దానికి తెలుసు గానీ చంపేదాకా అనుకున్నారని తెలియదు. నాకూ తెలియదు. ఇంతకాలం నాన్న ఫోటోకి దండ వేస్తూనే ఉన్నాను.

పుట్టి మునిగిందన్న అబద్ధానికి నేను నిన్నేమీ అనను. దానివల్ల అది బతికింది, కూతుర్ని కంది. రెండో అబద్ధం వేరు. అది నా నోట్లో పెట్టి చెప్పావు. ముప్పై ఏళ్ళు నేను అనని మాటకి అది ఏడ్చింది. మూడోది అమ్మకి చెప్పకపోవడం. అది నేను తీర్చేది కాదు, నువ్వు తీర్చేదీ కాదు. దాన్ని గురించి ఇక రాయను.

పూజితకీ, హర్షకీ చెప్పాను. పూజిత తెల్లబోయి "నాకొక పిన్ని ఉందా? మన నెత్తి మీదే ఉందా?" అంది. ఆ పిన్ని మీదే మేనేజ్‌మెంట్‌కి కంప్లైంట్ కూడా పెట్టిందట, దంచుతున్నారని. శనివారం వెనక్కి తీసుకుంది.

ఇంకో సంగతి. శ్రీవల్లి తన కంప్యూటర్‌లో చూస్తే వాళ్ళ లైన్లో ఎవరిదో ప్లేయరు కలిసినట్టు ఉందట. ఎవరో దొంగలనుకుని అంతకుముందే భయపడి ఉంది. అది నేనేనని తెలిశాక నవ్వింది గానీ, పాస్‌వర్డ్ మార్చక తప్పదంది. "ఊరి పేరు పెట్టి ఊరి దేవత పేరే తాళం పెడితే, ఊళ్ళో వాళ్ళంతా లోపలికొస్తారు పెద్దమ్మా" అంది. కొత్తది ఏం పెట్టాలని వాళ్ళమ్మని అడిగింది.

ఛాయ అమ్మ పేరు పెట్టమంది. రత్నమ్మ.

నిన్ను రమ్మనమంటావా అని దాన్ని అడిగాను. అన్నం తిన్నాక చెప్పింది: "రానీ. వస్తే ఆ ప్లేయరు మళ్ళీ కలిపి పెట్టమను. రిమోటు తన చేత్తో పట్టుకుని, ఆ పేరు ఒక్కో అక్షరం తనే కొట్టాలి. నేను పక్కన కూర్చుని చూస్తాను. అప్పుడు మాట్లాడతాను."

డిసెంబరు పద్దెనిమిదిన దాని తిరుగు విమానం. ఆలోగా తేల్చుకో.

అక్క


మోరిస్‌విల్
డిసెంబరు 3

అక్కకి,

ఫణికి అంతా చెప్పాను. రెండుసార్లు గట్టిగా చెప్పించుకున్నాడు, వినపడనివాడు తనేనన్నట్టు. తర్వాత టికెట్టు బుక్ చేశాడు. పదో తేదీ శనివారం కేరీలో రైలెక్కుతాను. సాయంత్రం చీకటిపడ్డాక ట్రెంటన్. హర్షని స్టేషన్‌కి రమ్మను. చెవి మిషనుకి కొత్త బ్యాటరీ వేయించుకున్నాను. ఛాయ ఏమన్నా వినాలి.

అమ్మ పేరు ఇంగ్లీషులో కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. లెక్కపెట్టాను. సరిగ్గా ఎనిమిది అక్షరాలు. ఒకటి తప్పు పడితే మళ్ళీ మొదటి నుంచీ కొడతాను.

వీరభద్రం